‘మోర్టల్ కాంబాట్’ రెండో సినిమా ఇంకోలా వచ్చి ఉంటే? ఊహా చరిత్ర రాయడం ఎలా

అత్తకు మీసాలుంటే మామ అనేవాళ్ళం అని పెద్దలు కొట్టిపారేస్తారు గానీ, ‘అలా జరిగి ఉంటే’ అని ఊహించడంలో గొప్ప ఆనందం ఉంది. ఇష్టమైన సినిమాకు చెడ్డ సీక్వెల్ వచ్చినప్పుడైతే ఆ ఊహ మనల్ని అంత సులభంగా వదలదు.

నాకు అలాంటి సినిమా ‘మోర్టల్ కాంబాట్’. అదే పేరున్న ఫైటింగ్ వీడియో గేమ్ ఆధారంగా 1995 ఆగస్టులో వచ్చింది. దాదాపు 2 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లు దాటింది. అమెరికాలో వరుసగా మూడు వారాంతాలు మొదటి స్థానంలో నిలిచింది. 1997 నవంబరు 21న రెండో భాగం ‘అనైహిలేషన్’ వచ్చింది. ఖర్చు 3 కోట్లకు పెరిగింది, వసూళ్ళు 5 కోట్ల దగ్గర ఆగిపోయాయి. ఆ తర్వాత 2021 వరకు ఈ గేమ్ మీద థియేటర్లలో సినిమానే రాలేదు. ఈ రెండో భాగాన్ని ఉదాహరణగా పెట్టుకుని ఊహా చరిత్ర ఎలా రాయాలో చూద్దాం.

1. ముందు జరిగింది జరిగినట్టు రాసుకోండి

ఒక కాగితం మీద తేదీలు, పేర్లు, అంకెలు రాయండి. మొదటి సినిమా దర్శకుడు పాల్ ఆండర్సన్ ‘ఈవెంట్ హొరైజన్’ తీయడానికి వెళ్ళాడు. మొదటి సినిమాకు కెమెరామన్‌గా చేసిన జాన్ లియొనెటి దర్శకుడయ్యాడు. ప్రధాన తారల్లో తమ పాత పాత్రల్లోకి తిరిగి వచ్చింది రాబిన్ షౌ, టలీసా సోటో మాత్రమే. మెరుపుల దేవుడు రెయిడెన్‌గా క్రిస్టఫర్ లాంబర్ట్ స్థానంలో జేమ్స్ రెమార్ వచ్చాడు. అందరూ ఇష్టపడే సినిమా హీరో పాత్ర జానీ కేజ్‌ను మొదట్లోనే చంపేశారు. గంటన్నర సినిమాలో డజనుకు పైగా గేమ్ పాత్రల్ని కుక్కారు. చివర్లో వచ్చే డ్రాగన్ల పోరు పూర్తికాని గ్రాఫిక్స్ పనిలా కనిపిస్తుంది.

ఈ కాగితం లేకుండా మొదలుపెడితే మీరు రాసేది ఉత్త కోరికల జాబితా అవుతుంది.

2. ఒక్క మలుపే ఎంచుకోండి

చాలామంది ఇక్కడే తప్పుతారు. దర్శకుడిని ఉంచేస్తారు, జానీ కేజ్‌ను బతికిస్తారు, పాత్రలు తగ్గిస్తారు, గ్రాఫిక్స్ బాగుచేస్తారు. అన్నీ ఒకేసారి మారితే చదివేవారికి నమ్మకం పోతుంది. ఒక్క నిర్ణయం మార్చండి. అది ఆనాటి మనుషులు నిజంగా తీసుకోగలిగిన నిర్ణయమై ఉండాలి.

నేను ఎంచుకున్నది విడుదల తేదీ. 1997 సెప్టెంబరులో స్టూడియో సినిమాను వాయిదా వేసిందనుకుందాం. గ్రాఫిక్స్ కోసం విడుదల వాయిదా పడటం మన తెలుగు ప్రేక్షకులకు బాగా అలవాటైన సంగతే కదా!

దీనికి చెల్లించాల్సిన ధర కూడా ఉంది. అప్పటికి షూటింగ్ అయిపోయింది కాబట్టి జానీ కేజ్ చావు అలాగే ఉంటుంది. అతన్ని బతికించాలని నాకూ ఉంది. కానీ అందుకు మలుపును స్క్రిప్టు దశకు జరపాలి. 1995లో వచ్చిన మూడో గేమ్‌లో కూడా జానీ కేజ్ లేడని గుర్తుంచుకోండి. అది పూర్తిగా వేరే కథ, వేరేగా రాయండి.

3. క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చోండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. వాయిదా సరే, ఎప్పటికి?

డిసెంబరు 19న ‘టైటానిక్’ వస్తోంది. అది వరుసగా 15 వారాంతాలు మొదటి స్థానం వదల్లేదు. 1998 ఏప్రిల్ 3న దాన్ని దించిన సినిమా ‘లాస్ట్ ఇన్ స్పేస్’. అది కూడా ‘మోర్టల్ కాంబాట్’ తీసిన న్యూ లైన్ సంస్థదే. ఆగస్టులో ‘బ్లేడ్’, సెప్టెంబరులో ‘రష్ అవర్’, ఈ రెండూ వాళ్ళవే. తన సినిమాకు తనే పోటీ పెట్టుకునే నిర్మాత ఉండడు. మే నెలలో ‘గాడ్జిల్లా’, జులైలో ‘ఆర్మగెడాన్’ కాచుకుని ఉన్నాయి.

కాబట్టి నేను మార్చి 6, శుక్రవారం ఎంచుకున్నాను. అసలు తేదీ నుంచి సరిగ్గా 15 వారాలు దొరుకుతాయి. కానీ ‘టైటానిక్’ ఎదురుగా దిగాలి. నిజంగా జరిగిన చరిత్రలో ‘అనైహిలేషన్’ తొలి వారాంతం మొదటి స్థానంలోనే వచ్చింది, ఆ తర్వాతే పడిపోయింది. నా కథలో సినిమా ఇంతకన్నా బాగుంటుంది, ఓపెనింగ్స్ మాత్రం తక్కువ వస్తాయి. బాగున్న సినిమా మొదటి వారం రెండో స్థానంలో నిలబడుతుంది. క్యాలెండర్ చూడకపోతే ఈ సంగతి నాకు తట్టేదే కాదు.

4. దొరికిన సమయాన్ని పనిగా మార్చండి

‘సమయం దొరికింది, సినిమా బాగుపడింది’ అని రాస్తే చాలదు. ఆ 15 వారాల్లో ఎవరు ఏం చేశారో రాయాలి. దీనికి ఆధారం మొదటి సినిమాలోనే ఉంది. ప్రివ్యూ చూసిన ప్రేక్షకులు ఫైట్లు సరిపోలేదంటే మళ్ళీ షూటింగ్ చేసి కొత్తవి కలిపారు. విలన్ వైపు పోరాడే రెప్టైల్‌తో హీరో లియు కాంగ్ (రాబిన్ షౌ పాత్ర) పోరు అలా వచ్చిందే. అందుకే రెండోసారి కూడా అదే పని చేయించండి. డ్రాగన్ల పోరు తీసేసి, ఆ చోట లియు కాంగ్, విలన్ షావో కాన్ ఉత్త చేతులతో తలపడే ఫైట్ పెట్టండి.

ఇక్కడ ఒక బంగారం లాంటి వివరం ఉంది. ఈ సినిమాలో రాబిన్ షౌకు డూప్‌గా చేసినవాళ్ళలో థాయ్‌లాండ్ కుర్రాడు టోనీ జా ఒకడు. 2003లో ‘ఓంగ్ బాక్’తో అతని పేరు మారుమోగింది. రీషూట్‌లో అతనికి ముసుగు నింజా వేషం ఒకటి ఇవ్వండి. ముఖం కనబడదు, పేరు చివరి టైటిల్స్‌లో వస్తుంది. ఇంతకు మించి చేయకండి, హీరోను చేసేస్తే కథ తేలిపోతుంది.

రేటింగ్ కూడా మార్చకండి. గేమ్‌లో నెత్తురు పారినా రెండు సినిమాలూ పీజీ-13 (పదమూడేళ్ళలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలని చెప్పే) రేటింగ్‌తోనే వచ్చాయి.

5. ఆనాటి కాగితంలా రాయండి

కథాసారం చదవడం విసుగు. ఆ ప్రపంచంలో అచ్చయిన సమీక్షలానో పోస్టర్‌లానో రాస్తే ప్రాణం వస్తుంది. నేనైతే ఇలా మొదలుపెడతాను:

“శుక్రవారం రాత్రి ఆటకు సగం హాలే నిండింది. పక్క తెర మీద ఓడ మునుగుతున్న చప్పుడు గోడలోంచి వినిపిస్తోంది. కానీ చివరి పదిహేను నిమిషాల్లో మా వరుసలో ఎవరూ పాప్‌కార్న్ ముట్టుకోలేదు.”

నిజమైన నటుల నోట, దర్శకుల నోట మీరు కల్పించిన మాటలు పెట్టకండి. పైన ‘ఇది ఊహ’ అని స్పష్టంగా రాయండి. ఏది నిజమో తెలియక ఎవరైనా దాన్ని వాస్తవంగా పంచుకుంటే తప్పు మనదవుతుంది.

6. ఏడాది దాకా వెళ్ళి ఆపండి

మార్చి తర్వాత ఏం జరుగుతుంది? రెండో వారం వసూళ్ళు పడిపోకుండా నిలబడితే మూడో భాగం మాట మొదలవుతుంది. 1999 మార్చి 31న ‘ది మాట్రిక్స్’ వచ్చి హాలీవుడ్ ఫైట్ల తీరే మార్చేసింది. మన మూడో భాగం దానికి ముందు తీస్తారా, చూశాక తీస్తారా? నేను ఆ ప్రశ్న దగ్గరే కలం ఆపుతాను. అంతకు మించి పోతే ప్రతి వాక్యం గాల్లో రాసినట్టే ఉంటుంది.

రాయడం అయ్యాక గేమ్ బాగా ఆడిన స్నేహితుడికి ఇవ్వండి. బాగుందా అని అడగకండి. ఏ వాక్యం దగ్గర నమ్మడం మానేశాడో అడిగి, దాన్నే ముందు తిరగరాయండి.