పట్టు టై మీద ఇస్త్రీ పెట్టె పెట్టకండి

మొన్న ఒక పెళ్ళి రిసెప్షన్‌కని మా తమ్ముడు బీరువాలోంచి టై తీస్తే, రెండేళ్ళ కిందట ఇంటర్వ్యూకి వేసిన ముడి ఇంకా అలాగే ఉంది. ముడి కాస్త వదులు చేసి తల మీంచి తీసెయ్యడం, మళ్ళీ కావాల్సినప్పుడు తల దూర్చి బిగించుకోవడం మనలో చాలామందికి అలవాటే. మళ్ళీ ముడి కుదురుతుందో లేదో అని టెన్షన్ మరి. విప్పి చూస్తే మెడ దగ్గర అడ్డంగా నాలుగు గీతలు, ఆ గీతల మీద మెరుపు పోయి తెల్లగా తేలింది. ముడతైతే పోతుంది గానీ, పోయిన మెరుపు తిరిగి రాదు.

అందుకని ఇంటికి రాగానే ముడి విప్పండి. సన్న కొసని పట్టుకుని సర్రున లాగెయ్యకుండా, వేసిన వరసకి తిరగేసి ఒక్కో మెలికా తీసుకుంటూ రండి. టై గుడ్డని క్రాస్‌లో, అంటే 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరిస్తారు (1920లలో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన, ఇలా కోసిన మూడు ముక్కల్ని కలిపి కుట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు). క్రాస్ కట్ జాకెట్టు కుట్టించుకునేవాళ్ళకి ఈ గుడ్డ తీరు చెప్పక్కర్లేదు, సాగుతుంది, వదిలేస్తే మళ్ళీ సర్దుకుంటుంది. కానీ లాగుతూనే ఉంటే మెలి తిరిగిపోయి, ఇక చొక్కా మీద తిన్నగా నిలవదు.

టైని ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. వెడల్పు కొస లోపల చిన్న దారం ఉంగరంలా వేలాడుతుంటుంది. దారం ఊడిందనుకుని దాన్ని కత్తిరిస్తారు కొందరు. మా ఇంట్లోనూ ఒకరు ఆ పని చేశారు, ఎవరో చెప్తే నాకు రాత్రి అన్నం దొరకదు. ఆ దారమే టై వెనక పొడవునా వెళ్ళే కుట్టు, సాగినప్పుడు తెగిపోకుండా కావాలనే కొంచెం వదులుగా ఉంచుతారు. అది తెంచితే వారంలో వెనక అతుకు నోరు తెరుస్తుంది.

ఇక మరకలు. పెళ్ళి భోజనంలో పప్పుచారు పడితే మన చెయ్యి ముందు నీళ్ళ గ్లాసు మీదికే పోతుంది, ఆపండి. పట్టు తడిస్తే బలం తగ్గుతుంది, రుద్దితే పోగు లేస్తుంది, ఆరాక నీటి మరక ఇంకోటి మిగులుతుంది. పొడి కాగితం నాప్‌కిన్‌తో అద్దండి, అంతే. నూనె మరకైతే ఇంటికొచ్చి టాల్కం పౌడరో కార్న్‌ఫ్లోరో దండిగా చల్లి, రాత్రంతా వదిలేసి, పొద్దున మెత్తటి బ్రష్‌తో దులపండి. తాజా మరకైతే చాలావరకు పీల్చేస్తుంది. అప్పటికీ మిగిలితే డ్రై క్లీనింగ్‌కే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఏం పడిందో చెప్పండి, అంచులు నొక్కి ఇస్త్రీ చెయ్యొద్దని కూడా చెప్పండి. వాషింగ్ మెషీన్ ఊసే వద్దు, లోపలి అస్తరు ఒకలా పట్టు ఇంకోలా ముడుచుకుని టై కాస్తా అప్పడమవుతుంది.

ఇస్త్రీ సంగతి నా అనుభవమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో చొక్కాలతో పాటు టై కూడా ఇస్త్రీ బండికి ఇచ్చా. పలకలా తిరిగొచ్చింది, వెనక కుట్టు అచ్చు ముందు వైపు తేలి, అంచుల గుండ్రం పోయి. ఆయన తప్పేం లేదు, ఇచ్చింది నేను. ముడతలు పోవాలంటే వేడినీళ్ళ స్నానం చేసేటప్పుడు బాత్‌రూంలో నీళ్ళు పడనిచోట హ్యాంగర్‌కి వేలాడదీయండి, ఆవిరికి పది పదిహేను నిమిషాల్లో సర్దుకుంటుంది. అసలు ఒకసారి కట్టాక ఒకట్రెండు రోజులు వదిలేస్తే చిన్న ముడతలు వాటంతటవే పోతాయి, అందుకే రోజూ అదే టై కట్టకండి. సెంటు కొట్టుకుని, అది ఆరాకే టై కట్టండి.

ఇదంతా అసలు పట్టుకే. పాలియెస్టరైతే ఇంత హడావిడి అక్కర్లేదు. అనుమానముంటే పట్టుచీరకి చేసే పరీక్షే, టై ముందు వైపు గుడ్డలోంచి ఒక పోగు లాగి కాల్చండి (కుట్టుదారం కాదు, అది వేరే రకం అయ్యుండొచ్చు). పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి నలిపితే బూడిదవుతుంది, పాలియెస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, ముఖ్యంగా వానాకాలం విశాఖలాంటి చోట్ల చెమ్మకి లోపలే బూజు పడుతుంది. పాత నూలు పంచె ముక్కలో చుట్టండి. కలరా ఉండలు వేస్తే గుడ్డకి తగలకుండా మూటకట్టి ఓ మూల పెట్టండి. అల్లిక టైలు వేలాడదీస్తే సాగిపోతాయి, చుట్టే పెట్టాలి. ఊరెళ్ళేటప్పుడు నేను టైని సగానికి మడిచి, చాప చుట్టినట్టు వదులుగా చుట్టి, మూతున్న చిన్న స్టీలు డబ్బాలో పెడతా. సూట్‌కేసులో పైన ఆవకాయ సీసా పడినా నలగదు.