గద్వాల చీరల సైట్: 11 సెకన్ల నుంచి 2.4కి

దుకాణం సైట్ ఫోన్‌లో తెరిస్తే మొదటి ఫొటో పడేసరికి 11 సెకన్లు. హోస్టింగ్ మార్చమన్నారు గానీ తప్పు అక్కడ లేదు. 4000 పిక్సెళ్ల ఫొటోలు, ఒక్కోటి 5 ఎంబీ, ఉన్నవి ఉన్నట్టే ఎక్కించేశారు. వెడల్పు 1200కి తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లో క్వాలిటీ 80తో సేవ్ చేస్తే ఒక్కోటి 200 కేబీ లోపే వచ్చింది. క్వాలిటీ 60కి దించి చూశా, జరీ అంచు మసకబారింది. గద్వాల చీర కొనేదే అంచు చూసి కదా!

లేజీ లోడింగ్, అంటే స్క్రోల్ చేసి దగ్గరికొచ్చాకే ఫొటో తెచ్చే పద్ధతి, అన్నిటికీ పెడితే పైనున్న పెద్ద ఫొటో ఇంకా ఆలస్యమైంది. దానికొక్కదానికి తీసేసి ఫెచ్‌ప్రయారిటీ హై (దీన్నే ముందు తెమ్మని బ్రౌజర్‌కి చెప్పే సూచన) ఇచ్చాను. ప్రతి ఇమేజ్ ట్యాగ్‌లో (పేజీలో ఫొటో పెట్టే కోడ్‌లో) విడ్త్, హైట్ రాశాక పేజీ కిందికి దూకడం ఆగింది. ఒక బటన్ నొక్కబోతే ఇంకోటి నొక్కుకునే గోల పోయింది. బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలు, అంటే క్యాష్, ఖాళీ చేశాకే మళ్లీ కొలవాలి. ఇప్పుడు 2.4 సెకన్లు.