రికార్డు బాగా వినిపించాలంటే ముల్లు బరువు చూడండి

గ్రామఫోన్ రికార్డు అంటేనే గరగర ఉంటుందని, అదే దాని అందమని చాలామంది సరిపెట్టుకుంటారు. నిజానికి ఆ గరగరలో ఎక్కువ భాగం దుమ్ముది, లేదా సరిగా అమర్చని ముల్లుది. ఈ రెండూ చక్కబెడితే, జనం ఇప్పటికీ రికార్డుల వెంట ఎందుకు పడుతున్నారో మీ చెవులకే తెలుస్తుంది.

ప్లేయర్‌ను కదలని బల్ల మీద పెట్టి, రసమట్టంతో అన్ని వైపులా సమంగా ఉందో లేదో చూడండి. స్పీకర్లు అదే బల్ల మీద వద్దు. వాటి అదురు ముల్లుకు చేరి, మళ్లీ స్పీకర్లలోకే వెళ్లి మోత పెడుతుంది.

ఇక అసలు పని. యాంటీ-స్కేట్‌ను (ముల్లు రికార్డు మధ్యకు లాక్కుపోకుండా ఆపే అమరిక) 0 దగ్గర పెట్టి, ముల్లుకున్న తొడుగు తీసి, టోన్‌ఆర్మ్ (ముల్లును మోసే కడ్డీ) వెనకున్న బరువును నెమ్మదిగా తిప్పండి. ఆర్మ్ ఎటూ వాలకుండా త్రాసు దండెలా గాలిలో నిలవాలి. అప్పుడు బరువు కదలకుండా పట్టుకుని, దాని ముందున్న అంకెల రింగును మాత్రం 0కి తేండి. ఆ తర్వాత రెండూ కలిపి తిప్పుతూ కార్ట్రిడ్జ్‌తో (ముల్లు బిగించి ఉండే చిన్న భాగం) వచ్చిన కాగితం మీద రాసిన ముల్లు బరువు అంకెకు తేవాలి. మూవింగ్ మాగ్నెట్ (లోపల అయస్కాంతం కదిలే) రకం కార్ట్రిడ్జ్‌లలో చాలావాటికి 1.5 నుంచి 2 గ్రాములు. యాంటీ-స్కేట్ కూడా అదే అంకెకు.

ముల్లు బరువు తగ్గిస్తే రికార్డు తక్కువ అరుగుతుంది కదా అని 1 గ్రాముకు దించేవాళ్లున్నారు. అక్కడే దెబ్బ తింటారు. మరీ తేలికైన ముల్లు గాడి గోడల్ని అంటిపెట్టుకోలేక ఎగిరెగిరి పడుతుంది, పడ్డచోటల్లా వినైల్‌ను (రికార్డు ప్లాస్టిక్‌ను) చెక్కేస్తుంది. ఆ గాయం మానదు. 2 అని రాసి ఉంటే 2.1 ఉన్నా ఫర్వాలేదు గానీ 1.5 మాత్రం వద్దు.

మొదటి పాట శుభ్రంగా ఉండి, చివరి పాటలో 'స', 'ష'లు చీలినట్టు వినిపిస్తే కార్ట్రిడ్జ్ కోణాన్ని అనుమానించండి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) అంచు దగ్గర సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద సాగితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 20 పైచిలుకే. అంతే శబ్దం అంత ఇరుకులో ఉంటుంది కాబట్టి చిన్న వంకరైనా అక్కడే బయటపడుతుంది. కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతలు, బిందువులు ఉన్న ప్రొట్రాక్టర్ కాగితం పరచండి. ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్‌ను పట్టి ఉంచే హెడ్‌షెల్ మరలు వదులు చేసి, రెండు బిందువుల దగ్గరా కార్ట్రిడ్జ్ అంచులు గీతలకు సమాంతరంగా వచ్చేలా జరపండి. మరలు బిగించాక బరువు మళ్లీ చూడాలి. జరిపితే అదీ మారుతుంది.

కార్ట్రిడ్జ్ ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచుతారు. ఆ కొద్ది సిగ్నల్‌ను పెంచి, బేస్, ట్రెబుల్‌ను తిరిగి సరిచేసేది ఫోనో ప్రీయాంప్. అది లేకుండా నేరుగా యాంప్లిఫయర్ ఆక్స్ ఇన్‌పుట్‌లో పెడితే శబ్దం పీలగా రావడానికి కారణం ఇదే. ప్లేయర్‌లో ప్రీయాంప్ ఉండగా యాంప్లిఫయర్‌లో ఫోనో ఇన్‌పుట్ కూడా వాడితే అదే పని రెండుసార్లు జరిగి బేస్ ముద్దగా, పగిలినట్టు వస్తుంది. జుమ్మని ఒకటే హమ్ వినిపిస్తుంటే ఎర్త్ వైరు ఊడిందేమో చూడండి.

వేసే ముందు ప్రతిసారీ తిరుగుతున్న రికార్డు మీద కార్బన్ ఫైబర్ బ్రష్ రెండు మూడు చుట్లు ఆనించి, దుమ్మును అంచుకు లాగేయండి. ముల్లును మాత్రం వెనక నుంచి ముందుకే తుడవాలి, ఎదురు తుడిస్తే విరుగుతుంది.

ఎల్పీ 1948లో వచ్చింది. అంతకు ముందరి 78 వేగం రికార్డులు చాలావరకు లక్కవి. వాటి గాడి వెడల్పు, ఎల్పీ ముల్లు అడుక్కి దిగి రొద చేస్తుంది. వాటికి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు) ముల్లు విడిగా కొనుక్కోవాలి. ఆల్కహాల్ కలిసిన ద్రావణంతో వాటిని తుడవకండి, లక్క కరిగిపోతుంది.

దాచేటప్పుడు ఏ రికార్డునైనా నిలువుగానే పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చినా, ఏటవాలుగా ఆనించినా కొన్నాళ్లకు వంగుతాయి.