చిన్న టేబుళ్ళ పోకర్ – 4వ పాఠం: ఖాతాలో డబ్బు, చేతిలో ముక్కలు

పోయిన పాఠంలో పొజిషన్, అంటే ఆటలో మన వంతు ముందొస్తుందా, చివర్లోనా అన్నది, చూశాం. బటన్ మీద (అంటే పంచేవాడి సీట్లో) కూర్చున్నవాడు అందరి ఆటా చూశాక తన మాట చెప్తాడు కాబట్టి కాస్త తేలిక ముక్కలతోనూ ఆడొచ్చు, ముందు సీటువాడు గట్టి ముక్కలు వస్తేనే కదలాలి. అది వంటబట్టిందనుకుని ముందుకెళ్తున్నాను.

ఈసారి బ్యాంక్‌రోల్, ఔట్ల (మనల్ని గెలిపించగల, ఇంకా పడని ముక్కల) లెక్క రెండూ కలిపి చెప్తాను. వీటిని సాధారణంగా విడివిడిగా నేర్పుతారు, నాకది నచ్చదు. ఖాతాలో ఎంతుందన్నదాన్ని బట్టే ఏ ముక్కలు ఆడదగ్గవో, ఏవి పారేయాలో మారిపోతుంది. (మీరుండే చోట డబ్బుతో ఆడటానికి చట్టం ఒప్పుకోకపోతే ఉత్తుత్తి చిప్స్‌తోనే సాధన చెయ్యండి. ఔట్ల లెక్కలో తేడా ఏమీ రాదు.)

బ్యాంక్‌రోల్ అంటే పోకర్ కోసమే విడిగా తీసిపెట్టిన సొమ్ము. అప్పు తెచ్చిందీ, అద్దెకు దాచిందీ అందులోకి రావు. ఆన్‌లైన్‌లో బాగా చిన్న టేబుల్ అంటే 1 సెంటు, 2 సెంట్ల బ్లైండ్లది; బ్లైండ్లంటే ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది (బిగ్ బ్లైండ్). టేబుల్‌కు తీసుకెళ్ళే సొమ్ము బై-ఇన్; 100 బిగ్ బ్లైండ్లు ఒక పూర్తి బై-ఇన్, అంటే 2 డాలర్లు. దాని పైమెట్టు 2 సెంట్లు, 5 సెంట్లది; అక్కడ బై-ఇన్ 5 డాలర్లు.

మరి ఎన్ని బై-ఇన్లుండాలి? 2000లో పోకర్ వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్ (ప్రధాన పోటీ) గెలిచిన క్రిస్ ఫెర్గుసన్ తర్వాత కొన్నేళ్ళకు ఒక పంతం పట్టాడు. సొంత డబ్బు పైసా పెట్టకుండా, ఎంట్రీ ఫీజు లేని టోర్నమెంట్లతో మొదలుపెట్టి 10,000 డాలర్లు చేయాలని. చేసి చూపించాడు. క్యాష్ గేమ్‌లో (టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుతో ఆడే ఆటలో) అతను పెట్టుకున్న హద్దులు రెండు: తన మొత్తం సొమ్ములో 5 శాతానికి మించి ఏ టేబుల్‌కూ తీసుకెళ్ళకూడదు, ఆడుతుండగా టేబుల్ మీది తన డబ్బు ఆ మొత్తంలో 10 శాతం దాటితే, బ్లైండ్ తన వంతుకు రాగానే లేచిపోవాలి. గెలుస్తున్నప్పుడే లేచిపోవాలన్న ఆ రెండో హద్దు దగ్గరే చాలామందికి మనసొప్పదు.

5 శాతమంటే 20 బై-ఇన్లు. ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళకు అది చాలదు, 40 పెట్టుకోమంటాను. ఎందుకో చూడండి. మీ చేతిలో ఆసుల జత, ఎదుటివాడి చేతిలో రాజుల జత, ఫ్లాప్ (టేబుల్ మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు) పడకముందే ఇద్దరూ మొత్తం నెట్టేశారు. పోకర్‌లో ఇంతకన్నా మంచి స్థితి అరుదుగా దొరుకుతుంది. అయినా మీరు గెలిచేది సుమారు 82 శాతమే. ఇలాంటివి ఐదు వస్తే ఐదూ గెలిచే అవకాశం 37 శాతం. ఏ తప్పూ చేయకుండానే కనీసం ఒక బై-ఇన్ పోగొట్టుకోవడమే మామూలన్నమాట. ఇక 55, 60 శాతం పోటీలు వరసగా ఎదురు తిరిగితే పది బై-ఇన్లు కరగడం పెద్ద వింతేమీ కాదు.

మెట్టు దిగడానికి కూడా ముందే గీత గీసుకోండి. 200 డాలర్లు అయితే 5 డాలర్ల టేబుల్‌కు ఎక్కండి, 150కి పడితే మళ్ళీ 2 డాలర్ల టేబుల్‌కు దిగండి. అక్కడ అదే 150తో మీకు 75 బై-ఇన్లుంటాయి, ఊపిరి ఆడుతుంది. ఎక్కడం ఎవరూ మర్చిపోరు. దిగమంటేనే పరువు గుర్తొస్తుంది.

డబ్బు తక్కువున్నవాడు చేసే ఇంకో పని, పెద్ద టేబుల్‌లో 40 బ్లైండ్లతో (ఇక మీద లెక్కల్లో బ్లైండ్లంటే బిగ్ బ్లైండ్లే) కూర్చోవడం. ముక్కల లెక్క చెడేది సరిగ్గా ఇక్కడే. చేతిలో నాలుగుల జత ఉంది, ఎవరో 3 బ్లైండ్లకు రైజ్ చేశారు, అంటే పందెం పెంచారు. మీ ఆశంతా ఫ్లాప్‌లో మూడో నాలుగు పడి సెట్ (ఒకే అంకె ముక్కలు మూడు) అవ్వాలనే. అది సుమారు ఎనిమిదిన్నర ఫ్లాప్‌లకు ఒకసారి పడుతుంది. పడినప్పుడల్లా ఎదుటివాడు మొత్తం ఇచ్చుకోడు కాబట్టి, కాల్‌కు (ఆ పందెం సరిపెట్టి ఆటలో ఉండటానికి) పెట్టేదానికి కనీసం 15 రెట్లు ఇద్దరి దగ్గరా మిగిలి ఉండాలంటాను. 100 బ్లైండ్లతో కూర్చుంటే 32 రెట్లుంది, హాయిగా కాల్ చెయ్యొచ్చు. 40తో కూర్చుంటే 12 రెట్లే, ఆ జత ఫోల్డే, అంటే పారేయడమే.

ఇప్పుడు ఒక హ్యాండ్ నిదానంగా ఆడదాం. మీరు బటన్ మీద ఉన్నారు, చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను పది. మీకు ముందున్నవాడు 3 బ్లైండ్లు రైజ్ చేశాడు, మీరు కాల్, బ్లైండ్లు పెట్టిన ఇద్దరూ ఫోల్డ్. పాట్ (మధ్యలో చేరిన సొమ్ము) ఏడున్నర బ్లైండ్లు. ఫ్లాప్: ఆఠీను రాజు, ఆఠీను నాలుగు, ఇస్పేటు తొమ్మిది. అతను 5 బెట్ చేశాడు.

ఇంకో ఆఠీను పడితే మీది అన్నిటికన్నా పెద్ద ఫ్లష్ (ఐదూ ఆఠీన్లే). కనిపించని ముక్కలు 47, అందులో ఆఠీన్లు 9. టర్న్‌లో (టేబుల్ మీద నాలుగో ముక్కగా) పడే అవకాశం 19 శాతం. మీరు 5 పెడితే పాట్ పదిహేడున్నర అవుతుంది. ఇక డబ్బేమీ కదలదనుకుంటే కాల్ గిట్టడానికి (పదిహేడున్నరలో 5) 28 శాతానికి పైనే కావాలి. లోటుంది. ఆఠీను పడిన సార్లు అతని దగ్గర సగటున ఇంకో 9 బ్లైండ్లు లాగగలిగితే ఆ లోటు పూడుతుంది. ఇద్దరి దగ్గరా ఇంకా 90కి పైగా ఉన్నాయి, చిన్న టేబుళ్ళలో రాజుల జత పట్టుకున్నవాడు వదలడు. కాల్ చెయ్యండి.

టర్న్: కళావరు రెండు. ఈసారి 15 బెట్ చేశాడు. కావలసింది సుమారు 32 శాతం, ఉన్నది 46లో 9, అంటే 20 శాతానికి కాస్త తక్కువ. ఆసు పడితే కూడా గెలుస్తాను కదా అంటారు. అతని దగ్గర ఆసు-రాజు ఉంటే ఆ ఆసే మిమ్మల్ని ముంచుతుంది. పోనీ ఆ మూడు ఆసులూ కలుపుకున్నా 26 శాతమే. ఫ్లష్ ఒక్కదాన్నే నమ్ముకుంటే రివర్‌లో (ఐదో, చివరి ముక్క దగ్గర) సగటున ఇంకో 29 బ్లైండ్లు రాబట్టాలి, బోర్డు మీద మూడు ఆఠీన్లు కనబడుతుంటే ఎంత అమాయకుడైనా తటపటాయిస్తాడు. నేనైతే ఫోల్డ్. ఇందాక పెట్టిన 5 గురించి ఆలోచించొద్దు, అది పాట్‌ది.

ఖాతాలో 8 బై-ఇన్లే ఉన్నవాడు ఇక్కడ రెండు రకాలుగా చెడతాడు. పోయినదంతా ఒక్క ముక్కతో రాబట్టాలని టర్న్‌లో కాల్ చేస్తాడు, లేదా భయపడి ఫ్లాప్‌లోనే పారేస్తాడు.

బ్లఫ్ గురించి ఒక్క మాటే: ఈ మెట్లలో ఫోల్డ్ చేయనివాళ్ళే ఎక్కువ, వాళ్ళ మీద బ్లఫ్ దండగ. మంచి ముక్కలు తగిలినప్పుడు ఇంకాస్త పెద్ద బెట్ వెయ్యండి.

అభ్యాసం: చేతిలో ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఎనిమిది. ఫ్లాప్: డైమను పది, కళావరు జాకీ, ఆఠీను మూడు. పాట్ 8 బ్లైండ్లు, ఎదుటివాడి బెట్ 4. ఏడు గానీ రాణి గానీ పడితే స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు): ఏడులు నాలుగు, రాణులు నాలుగు, మొత్తం ఎనిమిది ఔట్లు. కాల్‌కు ఎంత శాతం కావాలో కట్టండి. తర్వాత, రాణి పడితే ఎవరెవరి చేతిలో మీకన్నా పెద్ద స్ట్రెయిట్ ఉండొచ్చో రాసి పెట్టుకోండి. 5వ పాఠం ఆ రాణితోనే మొదలుపెడదాం.