ఇంటి వంటలో ఉప్పు తగ్గించడం ఎలా?

బీపీ ఉందని డాక్టరు చెప్పిన రోజు సాయంత్రమే చాలా ఇళ్లలో ఒకే తంతు మొదలవుతుంది. నాన్నగారికి విడిగా చిన్న గిన్నెలో చప్పిడి పప్పు, చప్పిడి కూర. మిగతావాళ్లకు మామూలు వంట. ఆయన నాలుగు రోజులు మొహం చిట్లించుకుని తింటారు, ఆ తర్వాత ఎవరూ చూడకుండా గోంగూర పచ్చడి జాడీ మూత తీస్తారు. నెల తిరిగేసరికి "ఉప్పు మానేసినా బీపీ తగ్గలేదండీ" అని డాక్టరు దగ్గర ఫిర్యాదు. నర్సు ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆసుపత్రిలో ఈ మాట విన్నాను, రిటైరయ్యాక చుట్టాల ఇళ్లలో వింటున్నాను. ఒక్క మనిషికి పథ్యం పెట్టి ఉప్పు తగ్గించిన ఇల్లు నేనింతవరకు చూడలేదు. తగ్గిస్తే అందరూ తినే గిన్నెలోనే తగ్గించాలి, అదీ మెల్లగా, ఎవరికీ చెప్పకుండా.

కావాల్సినవి

ఒక టీస్పూను, ఒక పెన్ను, ఉప్పు డబ్బా. బీపీ మిషను ఉంటే మంచిది. కొనేటట్టయితే మోచేతి పైన చుట్టేది కొనండి, మణికట్టుకు పెట్టేది వద్దు. రాళ్ల ఉప్పు వాడేవాళ్లు మెత్తటి అయోడిన్ ఉప్పుకు మారండి. రాళ్లు చెంచాలో సరిగ్గా కూర్చోవు, ఇవాళ వేసిన చెంచాకూ రేపు వేసే చెంచాకూ పొంతన ఉండదు. సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు గురించి నన్ను అడగకండి. అవీ దాదాపు అంతా సోడియం క్లోరైడే, అంటే మన మామూలు ఉప్పే, ధర మాత్రం ఎక్కువ, పైగా అయోడిన్ విడిగా కలిపితే తప్ప వాటిలో సరిపడా ఉండదు.

ముందు లెక్క తెలుసుకోండి

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే టీస్పూనుకు కాస్త తక్కువ. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లోనూ అదే హద్దు. కూరలో వేసిన ఉప్పుతో పాటు పచ్చడి, అప్పడం, బిస్కెట్టు, సాయంత్రం బండి దగ్గర తిన్న మిర్చిబజ్జీ, అన్నీ కలిపి ఈ 5 గ్రాములు.

మీ ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలియాలంటే ఉప్పు ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీదే తారీఖు వేయండి. ఖాళీ అయిన రోజు మళ్లీ వేయండి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 30 రోజుల్లో అయిపోయిందంటే మనిషికి రోజుకు 8 గ్రాములు దాటినట్టు. ఏడాది పచ్చళ్లకు విడిగా కొన్న ఉప్పు ఇందులో రాలేదు. ఆకుకూరలు కడగడానికి ఓ గుప్పెడు పోతే పోయింది, అంత ఖచ్చితం అక్కర్లేదు.

తిన్న ప్రతిదీ డైరీలో రాసుకోమని చెప్పేవాళ్లున్నారు. నాకా పద్ధతి నచ్చదు. మూడు రోజులు నిజం రాస్తారు, నాలుగో రోజు నుంచి డైరీ కోసం తింటారు. ప్యాకెట్‌కు మొహమాటం ఉండదు.

అసలు పని: గిన్నెలో తగ్గించడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి తాపీగా చదవండి.

మొదటి వారం ఏమీ తగ్గించకండి. మన ఆడవాళ్లూ, వంట చేసే మగవాళ్లూ ఉప్పు చేత్తో అంచనాగా వేస్తారు. ఆ చేతి అంచనాను చెంచా లెక్కలోకి తేవడమే ఈ వారం పని. గిన్నెలో వేయబోయే ఉప్పును ముందు చెంచాలో పోయండి, చాకు వీపుతో పైన గీసి సమం చేయండి, ఎన్ని చెంచాలయిందో చూసుకుని వేయండి. పప్పుకు ఒకటిన్నర, వంకాయ కూరకు ఒకటి, చారుకు ఒకటింపావు, ఇలా తేలుతుంది. వంటింటి తలుపు లోపలి వైపు కాగితం అంటించి రాసేయండి. చెంచా మీద గోపురంలా పోసుకుని "ఒక చెంచాయే వేశానండీ" అనేవాళ్లను చాలామందిని చూశాను. గీసి చూస్తే ఒక చెంచా గిన్నెలోకి, మరో ముప్పావు చెంచా డబ్బాలోకి రాలుతుంది.

రెండో వారం నుంచి ప్రతి వంటలో పదో వంతు తీసేయండి. చెంచా నింపి, గీసి, అందులోంచి రెండు వేళ్లతో ఓ చిటికెడు వెనక్కి వేస్తే దాదాపు అంతే. రెండు వారాలు అక్కడే ఆగండి. ఆ తర్వాత మరో చిటికెడు. మళ్లీ రెండు వారాలు. ఇలా పోతే మూడు నెలలయ్యేసరికి మొదట వేసినదాంట్లో మూడో వంతుకు పైగా తగ్గి ఉంటుంది, కంచం ముందు ఒక్కళ్లు కూడా నోరు మెదపరు. ఎందుకంటే నాలుక తక్కువ ఉప్పుకు కొన్ని వారాల్లో అలవాటు పడిపోతుంది. ఉన్నపళంగా సగం కోసేస్తే మాత్రం నాలుకకు ఆ వ్యవధి ఉండదు, ఆ పూటే ఉప్పు డబ్బా కంచాల దగ్గరికి వచ్చేస్తుంది.

ఎవరికీ చెప్పకండి. ఇది నా మొండి నియమం. "ఇవాళ్టి నుంచి ఉప్పు తగ్గిస్తున్నా" అని ప్రకటించారో, తగ్గించని రోజున కూడా కూర చప్పగా ఉందంటారు. ఇంట్లో వంట చేసే మనిషికి తప్ప రెండో మనిషికి తెలియకూడదు. మోసం కాదా అని నన్నొకావిడ నిలదీసింది. మూడు నెలల తర్వాత చెప్పుకోండి, అప్పుడెవరూ కోప్పడరు.

ఇక చాలామందికి తట్టని సంగతి. మన వంటల్లో ఉప్పు ఒంటరిగా ఉండదు, పులుపూ కారమూ దాన్ని లాక్కొస్తాయి. నిమ్మకాయంత చింతపండు పిసికి పులుసు పెట్టి, ఉప్పు మాత్రం తగ్గిస్తే అది తినలేం. పళ్లు పులిసిపోయే పులుపు మిగులుతుంది. "ఉప్పు తగ్గిస్తే రుచే ఉండదు" అని చేతులెత్తేసేవాళ్ల కూర రుచి చూస్తే, సగంసార్లు ఉప్పు లోపం కాదు, పులుపు తగ్గించకపోవడం. ఉప్పు ఒక చిటికెడు తీసిన వారం చింతపండు కూడా కొంచెం, కారం కూడా కొంచెం తీయండి. మూడూ కలిసి దిగితే రుచి నిలబడుతుంది. గోంగూర దగ్గర మరీ జాగ్రత్త, ఆ పులుపు ఎంత ఉప్పునైనా మింగేస్తుంది. పప్పులో గోంగూర సగం చేసి మిగతా సగం తోటకూర వేయడం నా పద్ధతి. గుంటూరు వాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

వేపుళ్లలో ఉప్పు చివర్లో, దించే ముందు చల్లండి. ముక్క పైనే ఉంటుంది కాబట్టి నాలుకకు వెంటనే తగులుతుంది, తక్కువ వేసినా తెలియదు. బెండకాయకైతే ఎటూ చివరే వేయాలి, ముందు వేస్తే జిగురొస్తుంది. చారులో మిరియం, జీలకర్ర, వెల్లుల్లి కాస్త ముందుకు తెచ్చి, కొత్తిమీర కాడలు కూడా వేయండి. దొండకాయ వేపుడు మీద నిమ్మకాయ పిండితే, ఉప్పు తగ్గిన సంగతి వండిన మీకే గుర్తుండదు.

ఎవరైనా "ఉప్పు చూడలేదా?" అంటే గిన్నెలో కలపకండి. ఒకసారి కలిపారంటే నెల రోజుల శ్రమ పోయినట్టే, కాగితం మీది లెక్క కూడా పోతుంది. ఉప్పు డబ్బా వంటింట్లోనే ఉంచండి. కావాలన్నవాళ్లు లేచి వెళ్లి తెచ్చుకోవాలి. నూటికి తొంభైమంది లేవరు.

పెరుగన్నం, పచ్చళ్లు

పెరుగన్నంలో ఉప్పు కలిపే అలవాటు ఎందుకు వచ్చిందో కానీ, దానికేమీ అక్కర్లేదు. ఎండాకాలంలో మామిడిపండు, మిగతా రోజుల్లో అరటిపండు నంజుకోండి. పండు ఇష్టం లేకపోతే పచ్చి ఉల్లిపాయ.

ఆవకాయలో మాత్రం ఉప్పు తగ్గించకండి. ఏడాది పొడుగునా ముక్క చెడకుండా ఉంచేది ఆ ఉప్పే. తగ్గించి కలిపితే వానాకాలానికి బూజు పడుతుంది, మొత్తం జాడీ పారబోయాలి. జాడీలో గరిటె తీసేసి టీస్పూను పడేయండి. రోజుకొక్క పూట, అదీ పప్పన్నంలోనో పెరుగన్నంలోనో ఒక్కదాంట్లోనే. నిల్వ పచ్చడి బరువులో పదో వంతే ఉప్పనుకున్నా, 20 గ్రాముల పచ్చడి కంచంలో పడితే 2 గ్రాముల ఉప్పు పడినట్టు. దోసకాయ, బీరకాయ లాంటి రోటి పచ్చళ్లు అదే రోజు అయిపోతాయి కాబట్టి వాటిలో ఇష్టమొచ్చినంత తగ్గించుకోవచ్చు. అప్పడాలు, వడియాలు, మజ్జిగ మిరపకాయలు, ఎండుచేపలు వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

ఉప్పులో బీపీని పెంచేది సోడియం. ఉప్పగా అనిపించని సోడియం కూడా ఉంది. పునుగుల్లో వేసే వంట సోడా, కడుపుబ్బరానికి తాగే పొంగే పొడులు, నీళ్లలో వేస్తే బుసబుసమనే మాత్రలు చాలావరకు ఈ కోవలోవే. ప్యాకెట్ వెనక సోడియం ఎన్ని మిల్లీగ్రాములుందో చూసి రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పెంతో తెలుస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు.

తక్కువ సోడియం ఉప్పు వాడొచ్చా?

అందులో కొంత సోడియం క్లోరైడ్ బదులు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. పనిచేస్తుంది. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేలమంది మీద ఏళ్ల తరబడి చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి, ఆ ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. పాల్గొన్నవాళ్లు అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లో, అరవై దాటి బీపీ ఉన్నవాళ్లో. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి ఉప్పును సిఫారసు చేసింది, కానీ గర్భిణులను, పిల్లలను, కిడ్నీ జబ్బున్నవాళ్లను మినహాయించింది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు వాడేవాళ్లకు ఒంట్లో పొటాషియం ఎటూ పెరిగే అవకాశం ఉంది. అది మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. ఒకే గిన్నెలోంచి మామ్మా మనవడూ తినే ఇంట్లో మామ్మ కిడ్నీల సంగతి ఎవరికి తెలుసు? క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం పరీక్షలు చేయించి, డాక్టరు సరేనంటే వాడండి. నేనైతే మామూలు ఉప్పే తక్కువ వేస్తాను.

ఇంకో జాగ్రత్త. వాంతులు, విరేచనాలు అవుతుంటే "నాకు బీపీ" అని ఓఆర్ఎస్ తాగడం మానకండి. మే నెల ఎండలో కూలి పని చేసేవాళ్లూ, నీరు తీసే మాత్రలు వాడే పెద్దవాళ్లూ డాక్టరును అడిగి ఉప్పు తగ్గించుకోవాలి. ముసలివాళ్లు ఉన్నట్టుండి మగతగా, పొంతన లేకుండా మాట్లాడుతుంటే సోడియం పడిపోయి ఉండొచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బీపీ చూసుకోవడం

కాఫీ తాగి, సిగరెట్ కాల్చి అరగంట కాకుండా చూడకండి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోండి. కాలు మీద కాలు వద్దు, మాటలు వద్దు. మిషను పట్టీని చొక్కా చేతి మీద నుంచి చుట్టకండి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ నోటు పుస్తకంలో రాయండి. ఇంట్లో చూసినప్పుడు సగటున 135/85, అంతకు పైన ఉంటే ఎక్కువ కిందే లెక్క.

అంకెలు దిగాయని మాత్రలు మీరే ఆపకండి. నోటు పుస్తకం, ప్యాకెట్ల మీది తారీఖుల ఫొటో రెండూ డాక్టరుకు చూపించండి, మోతాదు మార్చాలో లేదో ఆయన చెబుతారు.