ఊపిరిని లెక్కించి ఊపిరితిత్తుల రక్తప్రవాహాన్ని గమనించడం ఎలా?

కోనసీమలో కాలువ గట్టెక్కి వచ్చిన మనిషి అరుగు మీద చతికిలబడగానే ఊపిరి లెక్కపెట్టకూడదు. పది నిమిషాలు కుదురుకోనిచ్చి, భుజం మీది కండువా లేచి పడటాన్ని అతనికి తెలియకుండా గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరికైనా ఊపిరి తీరు మారిపోతుంది. పెద్దవారిలో 12 నుంచి 20 వరకు సాధారణం.

తరువాత, గుండెజబ్బు లేనివారైతేనే, గట్టు ఒకసారి ఎక్కి దిగమని మళ్లీ లెక్కించండి. విశ్రాంతిలో నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం ఊపిరితిత్తుల గుండా సాగుతుంది. శ్రమలో ఆ ప్రవాహమూ, అది మోసుకొచ్చే కార్బన్ డయాక్సైడూ పెరుగుతాయి కనుక మెదడులోని శ్వాసకేంద్రం ఊపిరిని కూడా దానికి తగ్గట్టు పెంచుతుంది.

అసలు గమనించవలసింది పడక దగ్గర. వెల్లకిలా పడుకున్నప్పుడు కాళ్లలోని రక్తం కొంత ఊపిరితిత్తులకు చేరుతుంది. గుండె ఎడమభాగం బలహీనమైతే అది అక్కడే నిలిచి, సన్నని రక్తనాళాల పక్కనున్న జె గ్రాహకాలను (అక్కడి మార్పును పసిగట్టే నాడీ కొసలను) రేపుతుంది. భారతీయ శాస్త్రవేత్త ఆతార్ సింగ్ పెయింటల్ కనుగొన్న ఈ గ్రాహకాలు ఊపిరితిత్తులను మెదడుతో కలిపే వేగస్ నాడి ద్వారా కబురు పంపగా ఊపిరి వేగంగా, పైపైన ఆడుతుంది. రెండు దిండ్లు ఎత్తు పెడితే ఆయాసం తగ్గుతున్నదా అని చూడండి. తగ్గితే దాన్ని ఉబ్బసమని సరిపెట్టుకోక, వెంటనే వైద్యునికి చూపించాలి.