శస్త్రవైద్యుల మనసు అలిసిపోకుండా చూసుకోవడం ఎలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ మానసిక అలసటను, అంటే బర్నౌట్‌ను వ్యాధిగా కాక, అదుపు చేయని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల కలిగే వృత్తిసంబంధమైన స్థితిగా వర్ణించింది. కాబట్టి దాన్ని సరిదిద్దే బాధ్యతను సర్జన్ ఒక్కరి మీదే మోపకూడదు. ముందుగా గుర్తులను గమనించండి: సెలవు తీసుకున్నా తీరని అలసట, రోగిని మనిషిగా కాక కేసుగా చూడడం, తన పనికి విలువ లేదనిపించడం.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఆపరేషన్ వికటించిన రోజు. రోగి టేబుల్ మీదే ప్రాణం విడిచినప్పుడు, అత్యవసరం కాని తరువాతి ఆపరేషన్లను వాయిదా వేసి లేదా మరొకరికి అప్పగించి, అదే పని తెలిసిన సహచరులొకరు ఆ సర్జన్ పక్కన కూర్చుని, తప్పెవరిదని అడగకుండా, జరిగింది చెప్పుకోనివ్వాలి. కుటుంబానికి విషయం చెప్పడానికి కూడా ఒంటరిగా పంపవద్దు. మరణాలపై సమీక్షా సమావేశం తరువాత ఎలాగూ జరుగుతుంది. సర్జన్ సహచరుడితో చెప్పుకున్న మాటలను అక్కడికి మోసుకెళ్లడం నమ్మకద్రోహమే అవుతుంది. ఆ పై కొన్ని వారాలపాటు నిద్ర ఎలా పడుతోందో, భోజనం చేస్తున్నారో లేదో పలకరిస్తూ ఉండండి.

రాత్రి డ్యూటీ మరునాటి ఉదయం ముందే నిర్ణయించిన ఆపరేషన్లు పెట్టకండి.

ఆత్మహత్య ఆలోచనలు కనిపిస్తే అదే రోజు మానసిక వైద్యుల వద్దకు తోడు వెళ్లండి. లైసెన్సుకు ముప్పు వస్తుందనే భయంతో నోరు విప్పనివారు ఉంటారు కనుక, చికిత్స గోప్యంగా ఉంటుందని ఆసుపత్రి ముందుగానే రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.